కూరగాయల్లో, మట్టిలో పురుగుమందుల అవశేషాలు: ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి?

రిపోర్టులో 'అవశేషాలు కనబడలేదు' అన్న మాట చూడగానే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఆ మాటకు ఎంత విలువ ఉందో తేలాలంటే రెండు సంగతులు తెలియాలి: ల్యాబ్ ఏయే మందుల కోసం వెతికింది, ఎంత తక్కువ మోతాదు వరకు చూడగలిగింది. మాంకోజెబ్ అనే తెగుళ్ల మందు చల్లిన టమాటాను, మాంకోజెబ్‌ను పట్టుకోలేని పద్ధతిలో పరీక్షిస్తే రిపోర్టు శుభ్రంగానే వస్తుంది. యంత్రం ఎంత ఖరీదైనదైనా అంతే.

అందుకే 'ఏ యంత్రం మంచిది' అన్న దగ్గర మొదలుపెట్టకూడదు. ఏ మందు ఉండొచ్చని అనుమానం, పరీక్షించేది కూరగాయా మట్టా, ఫలితం చేతికొచ్చాక ఏం చేయబోతున్నారు అన్న మూడు ప్రశ్నలకు ముందు జవాబు చెప్పుకోవాలి. పంట కోయాలా ఇంకో వారం ఆగాలా అని తేల్చుకోవడానికి ఒక రకం పరీక్ష సరిపోతుంది. సరుకు ఎగుమతి చేయడానికి అది చాలదు. భూమిలో ఎన్నో ఏళ్ల కిందటి మందు మిగిలి ఉందేమో చూడాలంటే దారి పూర్తిగా వేరు.

మోతాదుల సంగతి కూడా ఒకసారి చూద్దాం. ఒక పంటకు ఒక మందుకు ప్రత్యేకంగా పరిమితి పెట్టని సందర్భాల్లో యూరోపియన్ యూనియన్ సాధారణంగా కిలోకు 0.01 మిల్లీగ్రాముల హద్దు వాడుతుంది. అంటే కిలో కూరగాయలో 10 మైక్రోగ్రాములు. చక్కెరలు, రంగులు, ఆమ్లాలు, మైనాలు నిండిన పదార్థంలోంచి అంత కొంచాన్ని బయటికి లాగాలి, చెత్త తీసేయాలి, అది ఫలానా మందేనని నిరూపించాలి. ఈ మూడు పనుల్లో ఏ ఒక్కటి సరిగా జరగకపోయినా మిగతా రెండూ వృథా.

త్వరగా తేలే పరీక్షలు

ఎంజైమ్ నిరోధక పరీక్ష అన్నిటికన్నా సులువు. నాడీ వ్యవస్థలో పనిచేసే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ను ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులు అడ్డుకుంటాయి. పురుగు చచ్చేది కూడా అలాగే. కూరగాయ రసంలో ఈ ఎంజైమ్‌ను, రంగునిచ్చే రసాయనాన్ని కలుపుతారు. ఎంజైమ్ మామూలుగా పనిచేస్తే రంగు తేలుతుంది, మందు దాన్ని అడ్డుకుంటే రంగు తగ్గుతుంది లేదా అసలు రాదు. నిమిషాల్లో తేలిపోతుంది, పెద్ద ల్యాబ్ అక్కర్లేదు.

దీని లోటు కూడా ఆ పనితీరులోనే ఉంది. సైపర్‌మెత్రిన్, ఇమిడాక్లోప్రిడ్, అజాక్సీస్ట్రోబిన్ వంటివి ఈ ఎంజైమ్ జోలికి పోవు కాబట్టి ఎంత ఉన్నా ఈ పరీక్షకు కనబడవు. ఆర్గానోఫాస్ఫేట్లలో కూడా క్లోర్‌పైరిఫాస్, మలాథియాన్ వంటివి ఉన్న రూపంలో ఎంజైమ్‌ను బలంగా అడ్డుకోవు. ముందు వాటిని ఆక్సీకరించాలి, ఆ మెట్టు లేని కిట్‌లో అవి తప్పించుకుంటాయి. మరోవైపు ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి వంటి వాటి సహజ పదార్థాలే పరీక్షను తప్పుదారి పట్టించి, మందు లేకపోయినా ఉన్నట్టు చూపగలవు. చాలా లోడ్లు గంటల్లో దాటిపోయే చోట అనుమానపువాటిని పక్కన పెట్టడానికి ఇది పనికొస్తుంది. దీన్ని మాత్రమే నమ్మి సరుకును తిరస్కరించడం అన్యాయం, సురక్షితమని చెప్పడం ప్రమాదం.

ఎలైసా, స్ట్రిప్ పరీక్షలు యాంటీబాడీలతో పనిచేస్తాయి. ఒక యాంటీబాడీ ఒక మందును, లేదా దానికి దగ్గరి పోలికున్న కొన్నిటిని మాత్రమే పట్టుకుంటుంది. వెతకాల్సిన మందు పేరు ముందే తెలిసి, శాంపిళ్లు వందల్లో ఉంటే ఇది బాగా కలిసొస్తుంది. నీళ్లలోనో మట్టిలోనో అట్రజిన్ వంటి ఒక్క కలుపు మందు ఎంత దూరం పాకిందో చూడటం అలాంటి పని. ఏం చల్లారో తెలియని కూరగాయకు మాత్రం ఇది సరైన దారి కాదు.

కాంతితో అణువును గుర్తించే రామన్ సెన్సర్ల మీద, చేతిలో పట్టే బయోసెన్సర్ల మీద పరిశోధన జోరుగా సాగుతోంది. చట్టపరమైన నిర్ణయానికి ఇప్పటికీ ల్యాబ్ నిర్ధారణే కావాలి.

మందును బయటికి లాగడం: క్వెచర్స్

2003లో అనస్తాసియాడెస్, లెహోటే, వారి సహచరులు ప్రచురించిన క్వెచర్స్ పద్ధతి వచ్చాక కూరగాయల ల్యాబుల తీరే మారిపోయింది. అంతకుముందు లీటర్ల కొద్దీ ద్రావకాలు, పొడవాటి గాజు కాలమ్‌లు వాడేవారు. ఇప్పుడు ఆ పనిలో పెద్ద భాగం ఒక 50 మిల్లీలీటర్ల ట్యూబులో అయిపోతుంది.

యూరోపియన్ ప్రమాణమైన ఈఎన్ 15662 ప్రకారం, మెత్తగా నూరిన 10 గ్రాముల కూరగాయకు 10 మిల్లీలీటర్ల ఎసిటోనైట్రైల్ పోసి బాగా కుదుపుతారు. ఆ తర్వాత 4 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్, 1 గ్రాము ఉప్పు, వాటితో పాటు సిట్రేట్ లవణాలు వేస్తారు. వేసిన వెంటనే కుదపాలి, ఆలస్యమైతే లవణం గడ్డ కట్టి లోపల రసాన్ని పట్టేసుకుంటుంది. మెగ్నీషియం సల్ఫేట్ నీళ్లను పీల్చుకుంటున్నప్పుడు ట్యూబు చేతికి వెచ్చగా తగులుతుంది. సెంట్రిఫ్యూజ్ తిప్పి తీశాక అడుగున పిప్పి, లవణం, నీళ్లు ఉంటాయి, పైన ఎసిటోనైట్రైల్ పొర విడిగా తేరుకుంటుంది. పాలకూరైతే ఆ పొర చిక్కటి ఆకుపచ్చ. మనం వెతికే మందులు అందులో ఉంటాయి.

అమెరికాలో ఎక్కువగా వాడే ఏఓఏసీ 2007.01 పద్ధతి సిట్రేట్ బదులు ఎసిటేట్‌ను వాడుతుంది, 15 గ్రాముల శాంపిల్ తీసుకుంటుంది. క్షారంలో చెడిపోయే మందులను కాపాడటానికే రెండింటిలోనూ ఆమ్లత్వాన్ని అదుపులో పెడతారు. మామూలు కూరగాయలకు రెండూ నమ్మదగినవే, ఏది వాడుతున్నారన్న దాని మీద వాదన అనవసరం.

వాదించాల్సిన చోటు శుభ్రపరిచే దశ. చక్కెరలను, కొవ్వు ఆమ్లాలను తీసేయడానికి పీఎస్‌ఏ అనే పొడి వేస్తారు, ఆకుపచ్చ రంగు తీయడానికి గ్రాఫైటిక్ కార్బన్ వేస్తారు. ఈ కార్బన్ పత్రహరితంతో పాటు చదునైన నిర్మాణమున్న మందు అణువులను కూడా పట్టేస్తుంది. థయాబెండజోల్, హెక్సాక్లోరోబెంజీన్ అలాంటివి. 2,4-డి వంటి ఆమ్ల స్వభావం గల కలుపు మందులను పీఎస్‌ఏ పట్టుకుంటుంది. ద్రావణం తేటగా ఉందంటే చెత్తతో పాటు మందు కూడా పోయి ఉండొచ్చు. ఆకుకూరలు పంపేటప్పుడు కార్బన్ ఎంత వాడతారు, దాని వల్ల తగ్గే మందులకు రికవరీ (కలిపిన మందులో తిరిగి దొరికే శాతం) ఎంత వస్తోంది అని అడగడం మీ హక్కు.

జీసీనా, ఎల్‌సీనా?

పదార్థాలను ఒకదాని నుంచి ఒకటి విడదీసే రెండు యంత్రాల్లో, అంటే జీసీ (గ్యాస్ క్రోమటోగ్రఫీ), ఎల్‌సీ (లిక్విడ్ క్రోమటోగ్రఫీ)లలో, ఏది కావాలి? చాలామందికి అసలు సందేహం ఇదే. నేను చెప్పే జవాబు: కూరగాయకు రెండూ కావాలి. ఒకదానికే అవకాశం ఉంటే, ఏం చల్లారన్న దాన్ని బట్టి ఎంచుకోవాలి.

గ్యాస్ క్రోమటోగ్రఫీలో శాంపిల్‌ను సుమారు 250 డిగ్రీల వేడి దగ్గర ఆవిరి చేస్తారు. ఆ వేడికి చెడకుండా ఆవిరయ్యే మందులకు ఇది సరిపోతుంది. డీడీటీ, ఎండోసల్ఫాన్, లిండేన్ వంటి ఆర్గానోక్లోరిన్లు, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి పైరెత్రాయిడ్లు, చాలా ఆర్గానోఫాస్ఫేట్లు ఈ వర్గం. మెథోమిల్, కార్బోఫ్యురాన్ వంటి కార్బమేట్లు ఆ వేడికి విరిగిపోతాయి. కాప్టాన్, డైకోఫాల్ జీసీలోకి వెళ్లగలిగినా దారిలో కొంత ముక్కలవుతాయి.

లిక్విడ్ క్రోమటోగ్రఫీలో ఆవిరి చేయాల్సిన పని లేదు. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, ఎసిటామిప్రిడ్, కార్బెండజిమ్, ఎమామెక్టిన్, స్పినోసాడ్, ఎసిఫేట్, మోనోక్రోటోఫాస్ వంటివి ఇక్కడ చక్కగా తేలతాయి. ఈ రోజుల్లో కూరగాయల మీద వాడే కొత్త తరం మందుల్లో ఎక్కువ భాగం ఎల్‌సీ వైపే మొగ్గు చూపుతాయి. కానీ ఆర్గానోక్లోరిన్లు ఎలక్ట్రోస్ప్రేలో (ఎల్‌సీ నుంచి వచ్చే అణువులకు విద్యుదావేశం ఇచ్చే భాగంలో) అయాన్లుగా మారవు కాబట్టి ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్‌కు అవి లేనట్టే. అందుకే ఒక్కటే చేయించాలంటే తాజా కూరగాయకు నా ఓటు ఎల్‌సీకి, పాత భూమికి జీసీకి. పైరెత్రాయిడ్లు చల్లిన పంట అయితే కూరగాయకైనా జీసీ తప్పదు.

తర్వాతి ప్రశ్న డిటెక్టర్. జీసీకి ఈసీడీ (ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్) తగిలించిన పాత యంత్రాలు ఇంకా చాలా చోట్ల ఉన్నాయి. 1957లో జేమ్స్ లవ్‌లాక్ కనిపెట్టిన ఈ డిటెక్టర్ క్లోరిన్ ఉన్న అణువులను అద్భుతంగా పసిగడుతుంది. అయితే అది చూపేది గ్రాఫులో ఒక శిఖరాన్ని, అది బయటికొచ్చిన సమయాన్ని మాత్రమే. అదే సమయానికి కూరగాయ సహజ పదార్థమో, ప్లాస్టిక్ నుంచి వచ్చిన థాలేటో బయటికొస్తే దాన్నే మందు అనుకునే అవకాశం ఉంది. హెచ్‌పీఎల్‌సీకి యూవీ డిటెక్టర్ పెట్టినప్పుడూ ఇదే తంటా, పైగా కిలోకు 0.01 మిల్లీగ్రాముల దగ్గర దాని చూపు ఆనదు. ఫలానా మందు తెలిసి, మోతాదు కాస్త ఎక్కువగా ఉండే పనులకు ఇవి పనికొస్తాయి. చల్లిన మందు రోజురోజుకీ ఎలా తగ్గుతోందో చూసే ప్రయోగం అలాంటిది.

టాండమ్ మాస్, అంటే ఎంఎస్/ఎంఎస్, అణువును బరువు ప్రకారం ఏరి, విరగ్గొట్టి, ముక్కలను కూడా చూస్తుంది. ఒక మందుకు కనీసం రెండు ముక్కల జాడలు కనబడాలి, వాటి నిష్పత్తి అసలు మందుతో పోల్చినప్పుడు 30 శాతం తేడా దాటకూడదు, బయటికొచ్చే సమయం 0.1 నిమిషం లోపల సరిపోలాలి. యూరోపియన్ ల్యాబులు పాటించే శాంటే మార్గదర్శకాల్లో ఉన్న షరతులివి. ఇవన్నీ తీరితేనే 'ఉంది' అంటారు. వివాదం వస్తే నిలబడేది ఇలాంటి ఫలితమే.

ఎంఎస్/ఎంఎస్ కూడా తన జాబితాలో ఉన్నవాటినే చూస్తుంది. జాబితాలో లేని కొత్త మందు మీద అనుమానం ఉంటే క్యూటాఫ్, ఆర్బిట్రాప్ వంటి హై రిజల్యూషన్ యంత్రాలున్న చోటికి వెళ్లాలి. అవి మొత్తం డేటాను దాచిపెడతాయి కాబట్టి, ఆరు నెలల తర్వాత కొత్త మందు పేరు బయటపడినా పాత ఫైలు తెరిచి దాని జాడ వెతకొచ్చు. మామూలు తనిఖీలకు అంత దూరం వెళ్లక్కర్లేదు.

రెండు యంత్రాలకూ ఉమ్మడిగా ఒక చిక్కుంది. శాంపిల్‌తో పాటు వచ్చే ఇతర పదార్థాలు ఎల్‌సీలో సాధారణంగా మందు సంకేతాన్ని నొక్కేస్తాయి, ఫలితం తక్కువగా వస్తుంది. జీసీలో తరచుగా ఉల్టా జరుగుతుంది: ఇన్‌లెట్ గాజు గొట్టంలో మందు అంటుకునే చోట్లను ఈ పదార్థాలు కప్పేస్తాయి, ఎక్కువ మందు కాలమ్‌లోకి చేరుతుంది, ఫలితం అసలుకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. మందు లేని అదే రకం కూరగాయ రసంలో ప్రామాణిక ద్రావణాలు కలుపుకుని లెక్కగడితే ఈ తేడా సర్దుకుంటుంది. ఆ పని చేయని ల్యాబ్ ఇచ్చే అంకెను నేను నమ్మను.

పెద్ద జాబితాలో కూడా దొరకనివి

'500 మందులకు పరీక్ష' అని రాసి ఉంటే అన్నీ వచ్చేశాయని అనిపిస్తుంది. కొన్ని బాగా వాడుకలో ఉన్న మందులు మాత్రం క్వెచర్స్‌కు లొంగవు.

మాంకోజెబ్, జీరామ్, థైరామ్ వంటి డైథయోకార్బమేట్ తెగుళ్ల మందులు వీటిలో మొదటివి. వీటిని ఆమ్లంలో స్టానస్ క్లోరైడ్‌తో వేడిచేసి, వెలువడే కార్బన్ డైసల్ఫైడ్‌ను కొలుస్తారు. ఏ మందు చల్లారో ఈ పరీక్ష విడదీసి చెప్పదు, మొత్తం గుంపుకి ఒకటే అంకె. కూరగాయను నూరితే రసం తగిలి ఇవి త్వరగా చెడిపోతాయి కాబట్టి ముక్కలుగా కోసి వెంటనే పరీక్ష మొదలుపెట్టాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్, ఉల్లి జాతివి మందు లేకుండానే కొంత కార్బన్ డైసల్ఫైడ్ ఇస్తాయి. వాటిలో చిన్న అంకె వచ్చిందని రైతును తప్పుపట్టకూడదు.

గ్లైఫోసేట్, గ్లూఫోసినేట్, ఎథెఫాన్, పారాక్వాట్ వంటివి నీళ్లలో ఎంతగా కలిసిపోతాయంటే, ఎసిటోనైట్రైల్ పొరలోకి రానే రావు. వీటికి ఆమ్లం కలిపిన మెథనాల్‌తో చేసే క్యుప్పీ పద్ధతి, దానికి తగ్గ ప్రత్యేక కాలమ్ కావాలి. పారాక్వాట్‌కు ఇంకాస్త ఘాటైన ఆమ్లం, వేడి అవసరమవుతాయి. రాగి ఆధారిత మందులను పట్టేవి లోహాలను కొలిచే ఐసీపీ-ఎంఎస్, ఏఏఎస్ యంత్రాలు. వీటిలో ఏది వాడినా ల్యాబ్‌కు విడిగా చెప్పి విడిగా చేయించుకోవాలి.

మట్టి దగ్గర లెక్క మారుతుంది

మట్టిలో మందు బంకమట్టి రేణువులకు, సేంద్రియ పదార్థానికి అతుక్కుంటుంది. రోజులు గడిచేకొద్దీ లోపలికి ఇంకి, తీయడం కష్టమవుతుంది. ల్యాబులో మట్టికి మందు కలిపి వెంటనే తీస్తే రికవరీ 90 శాతం రావచ్చు. పొలంలో ఐదేళ్లుగా ఉన్న మందు అంత తేలిగ్గా బయటికి రాదు.

కొత్తగా చల్లిన మందులకు మట్టిలోనూ క్వెచర్స్ పనిచేస్తుంది. పొడి మట్టికైతే ముందు నీళ్లు కలిపి కాసేపు నాననివ్వాలి. పాత ఆర్గానోక్లోరిన్లకు మాత్రం నేను వేడి ద్రావకాన్ని మట్టి మీద పదేపదే పారించే సాక్స్‌లెట్‌నో, అధిక పీడనంలో వేడి ద్రావకంతో చేసే పద్ధతినో ఎంచుకుంటాను. సాక్స్‌లెట్‌కు 16 నుంచి 24 గంటలు పడుతుంది, ద్రావకం ఎక్కువే ఖర్చవుతుంది, కానీ మొండి అవశేషాన్ని వదలదు. పీడన పద్ధతి అదే పనిని నిమిషాల్లో చేస్తుంది, యంత్రం మాత్రం ఖరీదు. ఈసీడీ వాడేట్టయితే మట్టిలోని గంధకం పెద్ద శిఖరాలుగా వచ్చి చికాకు పెడుతుంది, రాగి పొడితో దాన్ని ముందే తీసేయాలి. గ్లైఫోసేట్ ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లకు అతుక్కుంటుంది కాబట్టి క్షార ద్రావణంతో లాగుతారు. దాంతో పాటు అది విరిగి ఏర్పడే ఆంపాను కూడా చూడమనండి.

మట్టి ఫలితాన్ని పొడి బరువు మీద చెప్పాలి. 20 శాతం తేమ ఉన్న మట్టిలో కిలోకు 0.08 మిల్లీగ్రాములు వస్తే, పొడి లెక్కన అది 0.10. ఈ మాట రాయని రెండు రిపోర్టులను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. మట్టిని ఎండబెట్టి పంపితే ఆవిరయ్యే మందులు పోతాయి, కాబట్టి తడిగానే పంపి తేమను విడిగా కొలిపించడం మేలు.

పాత భూమికి మందు పేరు ఒక్కటే రాసిస్తే సరిపోదు. డీడీటీతో పాటు అది విరిగి ఏర్పడే డీడీఈ, డీడీడీ, ఎండోసల్ఫాన్‌తో పాటు దాని సల్ఫేట్ అడగాలి. డీడీఈ ఎక్కువ, డీడీటీ తక్కువ ఉంటే అది సాధారణంగా పాత వాడకపు జాడ. గుమ్మడి జాతి తీగలు మట్టిలోని డీల్‌డ్రిన్, డీడీఈ వంటి పాత అవశేషాలను మిగతా పంటలకన్నా ఎక్కువగా లోపలికి లాక్కుంటాయి. అలాంటి పంట వేయబోయే భూమికి మట్టి పరీక్ష ముందే చేయించడం నిజంగా అవసరం.

శాంపిల్ తప్పయితే అన్నీ తప్పే

మందు పొలమంతా సమానంగా పడదు. ఒక కాయ మీద చాలా, పక్క కాయ మీద ఏమీ లేకపోవచ్చు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ మార్గదర్శకం ప్రకారం 25 నుంచి 250 గ్రాముల మధ్య ఉండే కూరగాయలైతే కనీసం 10 కాయలు, మొత్తం కిలోకు తగ్గకుండా తీయాలి. అంతకన్నా పెద్దవైతే కనీసం 5 కాయలు, 2 కిలోలు. కడగకూడదు, దుంపలకు అంటుకున్న మట్టి మాత్రం తీసేయాలి. మట్టికైతే పొలంలో అడ్డదిడ్డంగా 15, 20 చోట్ల పై 15 సెంటీమీటర్ల లోతు వరకు తీసి కలిపి, గాజు సీసాలో చీకట్లో, చల్లగా పంపాలి. ల్యాబ్ చేరేసరికి ఆలస్యమయ్యేట్టుంటే మైనస్ 18 డిగ్రీల దగ్గర గడ్డకట్టించాలి. ఎంత గొప్ప ఎంఎస్/ఎంఎస్ అయినా చూసేది చివరికి 10 గ్రాములనే, ఆ 10 గ్రాములు పొలం మొత్తానికి సాక్ష్యం చెప్పాలి.

ల్యాబ్‌ను ఎంచుకోవడం, రిపోర్టు చదవడం

ల్యాబుల సామర్థ్యానికి ఇచ్చే ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 గుర్తింపు ఉందా అని అడిగి ఊరుకోవద్దు. గుర్తింపు పరిధి కాగితం తెప్పించుకుని, మీ కూరగాయ లేదా మట్టి, మీ మందు, మీ పద్ధతి అందులో ఉన్నాయో లేదో చూడండి. కూరగాయలకు గుర్తింపు ఉన్న చోట మట్టికి లేకపోవచ్చు. చల్లిన మందుల జాబితాను దాచకుండా ల్యాబ్‌కు ఇవ్వండి, అది మీ మీద నేరం మోపడానికి కాదు, సరైన పరీక్ష ఎంచుకోవడానికి.

రిపోర్టులో ప్రతి మందు పక్కనా ఎల్‌ఓక్యూ, అంటే నమ్మకంగా లెక్కకట్టగల కనీస మోతాదు ఉండాలి. మీకు వర్తించే పరిమితి 0.01 అయి, ఎల్‌ఓక్యూ 0.05 అయితే ఆ 'కనబడలేదు' మీకు పనికిరాదు. రికవరీ 70 నుంచి 120 శాతం మధ్య, మళ్లీ మళ్లీ చేసినప్పుడు వచ్చే తేడా 20 శాతం లోపల ఉండాలి. చట్టం ఒక మందును దాని విచ్ఛిన్న రూపాలతో కలిపి లెక్కించమంటే అంకె కూడా అలా కలిపిందే కావాలి. చాలా చోట్ల ఫిప్రోనిల్‌ను దాని సల్ఫోన్‌తో కలిపి చూస్తారు.

చివరగా, హద్దు దగ్గర పడే అంకెల సంగతి. శాంటే మార్గదర్శకాలు సాధారణంగా 50 శాతం అనిశ్చితిని లెక్కలోకి తీసుకోమంటాయి. పరిమితి 0.5 ఉన్నచోట ఫలితం 0.62 వస్తే, అసలు విలువ 0.31 నుంచి 0.93 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. నియంత్రణ సంస్థ అయితే ఈ వెసులుబాటు ఇచ్చిన తర్వాత కూడా పరిమితి దాటితేనే, అంటే ఫలితం 1.0 దాటితేనే చర్య తీసుకుంటుంది. సరుకు పంపే మీరు మాత్రం ఉల్టా లెక్క వేసుకోవాలి: అనిశ్చితి కలిపినా 0.5 దాటకూడదంటే మీ ఫలితం సుమారు 0.33 లోపే ఉండాలి. మధ్యలో పడితే కోత ఆపగలిగినన్ని రోజులు ఆపి, కొత్తగా శాంపిల్ తీసి మళ్లీ పంపండి. కోత అయిపోయి ఉంటే, ల్యాబ్ గడ్డకట్టించి దాచిన అదే శాంపిల్ నుంచి ఇంకో భాగం తీసి రెండోసారి చేయమని రాతపూర్వకంగా అడగండి.